మొయినాబాద్ దాటాక

జనవరి 6, 1969. సోమవారం

స్కూల్లో నా ఆఖరి రోజు. టెంపరరీ డ్రిల్ మాస్టర్‌కి వీడ్కోలు సభలు ఉండవు. పర్మనెంట్ ఆర్డర్ పట్టుకుని కోస్తా నుంచి ఒకాయన వచ్చాడు. ముందు పొట్ట, వెనక ఆయన. విజిల్ ఇమ్మన్నాడు. ఇచ్చేశాను. అది నేను సొంతంగా కొనుక్కున్నదని మా ఊరు ముడిమ్యాల చేరాక గుర్తొచ్చింది.

కన్నతల్లి కదా, అవ్వ అన్నం పెట్టింది. బాపు మాత్రం, రేపటి సంది మోట కాడికి రా అన్నాడు.

జనవరి 12. ఆదివారం

చర్చి అయ్యాక మొయినాబాద్ వెళ్ళి కామేశాన్ని కలిశాను. కామేశం ఓవర్సీరు. కాకినాడవాడు. మొయినాబాద్‌లో గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. నిరుడు ఎండాకాలం మా బావిలో ఈతకొచ్చాడు, అప్పట్నుంచి స్నేహం. నాది బావి ఈత. దూకడం, తేలడం, ఎక్కడం. అతను కాలవల్లో పెరిగాడు. నాకు స్ట్రోక్ నేర్పుతున్నాడు. నేను అతనికి పరుగు నేర్పుతున్నాను.

ఈరోజు ఒక వార్త చెప్పాడు. పట్నంలో ఒక స్పోర్ట్స్ క్లబ్ మార్చిలో కొత్తరకం రేస్ పెడుతోంది. ఈత, సైకిల్, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా. అజీజ్‌నగర్ దగ్గర హిమాయత్‌సాగర్ అంచున ఈత. అక్కణ్ణుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ళకు సైకిల్. చేవెళ్ళ నుంచి మా ఊరి వైపు పరుగెత్తి, తిరిగి చేవెళ్ళకు. తాగే నీళ్ళు కాబట్టి ఈతకు ఒక్కరోజు పర్మిషన్ తెచ్చారట. మొదట వచ్చినవాడికి కప్పు, క్లబ్ ప్రెసిడెంట్ గారి ఫ్యాక్టరీలో ఉద్యోగం.

ఉద్యోగం నీకు, కప్పు నాకు అన్నాడు కామేశం. రెండూ ఒక్కడికే కదా ఇచ్చేది అన్నాను. నవ్వాడు.

జనవరి 27

తమ్ముడు స్వామిదాసు పట్నం నుంచి వచ్చేశాడు. కాలేజీ మూసేశారు. బట్టల సంచిలో బట్టలు తక్కువ, ప్రత్యేక రాష్ట్రం కరపత్రాలు ఎక్కువ. అరిచి అరిచి గొంతు పోయింది.

అన్నం తింటూ, అన్నా, నీ నౌకరి ఎవడు తిన్నడు చెప్పు అన్నాడు. పొట్టాయన అన్నాను. అవ్వ నవ్వింది. వాడు నవ్వలేదు. నీ దోస్తు గూడ గా బాపతోడే అన్నాడు. కామేశం ఎవరి ఉద్యోగమూ తినలేదన్నాను. ఆ కుర్సీల మనోడు కూసోవాల్సింది గద అన్నాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. కామేశం చెడ్డవాడూ కాదు. ఈ రెండూ ఒకే తలలో పెట్టుకుని నిద్రపోవడం కష్టం.

ఫిబ్రవరి 9. ఆదివారం

మా ఊరి చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆగకుండా ఈదాను. మొదటిసారి. కామేశం పక్కనే ఈదుతూ తిట్టాడు. నీళ్ళని అలా కొట్టకయ్యా మోషే, అవి నీకేం చేశాయి, పక్కకు తోసుకుంటూ పో అన్నాడు. తోసుకుంటూ పోయాను. నిజంగానే దారి ఇచ్చాయి.

తర్వాత చేవెళ్ళలో హోటల్‌కి వెళ్ళాం. రెండు టీలు ఇవ్వండి అని కామేశం తన కోస్తా యాసలో అనగానే బల్లల దగ్గరున్నవాళ్ళంతా తలలు తిప్పారు. టీ ఆలస్యంగా వచ్చింది. చల్లగా వచ్చింది. అతను మొత్తం తాగాడు. ఇకనుంచి నువ్వే ఆర్డర్ చెప్పు అన్నాడు, బయటికొచ్చాక.

ఫిబ్రవరి 10

మోకాలు వాచింది.

మార్చి 4

నిన్న బంద్. బస్సుల్లేవు. ఖాళీ రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఎంత బాగుందో రాయడానికి సిగ్గుగా ఉంది.

కామేశం ప్రాక్టీస్‌కు రాలేదని ఈరోజు గదికి వెళ్ళాను. తలుపు మీద తారుతో గో బ్యాక్ అని రాశారు. కిరసనాయిలు తెచ్చి తుడిచాను. కొంచెం పోయింది, కొంచెం పోలేదు. వాళ్ళ అన్నయ్య కాకినాడ వచ్చేయమంటున్నాడట. రేస్ అయ్యాక వెళ్తాలే అన్నాడు.

ఇప్పుడే వెళ్ళు అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అతను పోతే నాతో ఈదేవాళ్ళు ఎవరు?

మార్చి 22. శనివారం

రేపే రేస్. అవ్వకు కోపం. ఆదివారం పూట ప్రభువును ఇడిసిపెట్టి నీళ్ళల్ల దుంకుతవా అంది.

స్వామిదాసు మాత్రం పక్కన కూర్చుని అన్నీ అడిగాడు. ఏ రోడ్డున వస్తారు, ముందు ఎవరుంటారు. చెప్పాను. నీళ్ళలో కామేశాన్ని పట్టుకోలేను, సైకిల్ మీద దగ్గరికొస్తాను, పరుగులో దాటుతానేమో, చెప్పలేను అన్నాను. చాలా రోజులకు వాడు నాతో అంత ప్రేమగా మాట్లాడాడు.

మార్చి 23. ఆదివారం, సాయంత్రం

ఇప్పుడే రాయాలి. రేపటికల్లా జరిగింది నాకు అనుకూలంగా మారిపోతుంది.

నీళ్ళలోంచి మొదట కామేశం లేచాడు. తర్వాత పట్నం పిల్లలు ఇద్దరు. తర్వాత నేను. సైకిల్ మీద ఆ ఇద్దర్నీ దాటేశాను. మొయినాబాద్ వచ్చేసరికి కామేశం బనియను కనబడింది.

ఊళ్ళో రోడ్డుకు అడ్డంగా బండి పెట్టి ఉంది. రాళ్ళు. జనం. కామేశం సైకిల్ హ్యాండిల్ ఇద్దరు పట్టుకున్నారు. ఏ ఊరు నీది, మాట్లాడు అంటున్నారు. అతను మాట్లాడడం లేదు. మాట్లాడితే ఏమవుతుందో అతనికి తెలుసు.

బండి పక్కన స్వామిదాసు. నన్ను చూసి, మా అన్న, పోనియ్యిండ్రి అని కేకేశాడు. బండి జరిపారు. సైకిల్ పట్టేంత సందు.

కామేశం నన్ను చూసి, మోషే అన్నాడు. అంతే.

నేను సందులోంచి పోయాను. కాసేపు నిలబెట్టి వదిలేస్తార్లే అనుకున్నాను. ఒకసారి వెనక్కి చూశాను. అతను నన్నే చూస్తున్నాడు.

మొయినాబాద్ దాటాక రోడ్డు ఖాళీ. ముందు ఎవరూ లేరు. వెనక ఎవరూ లేరు. ఫ్యాక్టరీ గేటు కళ్ళ ముందు కనబడింది. ఎప్పుడూ అంత బాగా తొక్కలేదు. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను. చాలా దూరం పోయాను. ఎక్కడో కాళ్ళు ఆగాయి. మనస్సాక్షి అని చెప్పుకోలేను. ఆ ఖాళీ రోడ్డు చూస్తే భయం వేసింది. వెనక్కి తిప్పాను. పట్నం పిల్లలు ఎదురొచ్చారు, బండి దగ్గర వాళ్ళను వదిలేశారు. ఉల్టా కాయ్‌కు జారే భాయ్, వెనక్కెందుకు అని నవ్వుతూ పోయారు.

నేను వచ్చేసరికి బండి లేదు. జనం లేరు. కామేశం సైకిల్ కాలవలో పడి ఉంది, చక్రం వంగిపోయి. అతన్ని లారీలో పట్నం దవాఖానకు తీసుకుపోయారట.

స్వామిదాసు రాయి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తెల్లబోయాడు. నువ్వెందుకొచ్చినవ్ అన్నా, నీ కోసమే గద ఆపింది అన్నాడు. ఉట్టిగ ఆపుదామనుకున్నరట. ఎవడో కట్టె తీసుకున్నాడట.

చెంప మీద కొట్టాను. వాడు తడుముకోలేదు కూడా. పో, ఇంకా పరుగు ఉన్నది గద అన్నాడు.

మార్చి 26

దవాఖానకు వెళ్ళాను. కామేశానికి భుజం ఎముక విరిగింది. ఎడమ చెవి వినబడదట.

చూశావు, చూసి వెళ్ళావు అన్నాడు గోడవైపు తిరిగి. వెనక్కి వచ్చానని చెప్పాను. ఎప్పుడు అన్నాడు.

అడగాల్సింది అదే.

వాళ్ళ అన్నయ్య లేచి, ఇక మీరు వెళ్ళండి బాబూ అన్నాడు. బూతులు తిట్టినా బాగుండేది.

మార్చి 28

నాకేమీ తెలియదని, నేను తిరిగొచ్చానని దవాఖానకు వచ్చి చెప్పమని స్వామిదాసును అడిగాను. అట్ల చెప్తే నేను జైలుకు పోత, పొమ్మంటవా అన్నాడు. అవ్వ రొట్టె చేయడం ఆపి నా వైపు చూసింది.

పొమ్మనలేదు.

ఏప్రిల్ 6. ఈస్టర్

ఉద్యోగం పట్నం అబ్బాయికి ఇచ్చారు. వాడికి పరుగు రాదు.

ఏప్రిల్ 11

పోలీసులు వచ్చారు. కామేశం ఫిర్యాదులో ఉన్నది నా పేరే. మనుషుల్ని పెట్టించి ఆపించింది నేనేనట. నువ్వు కాకపోతే మరి ఎవరు అని ఎస్సై అడిగాడు. స్వామిదాసు లోపల వడ్ల గుమ్మి వెనక ఉన్నాడు. అవ్వ తలుపు దగ్గర నిలబడి ఉంది. నాకు తెల్వదు అన్నాను.

అంగీ తొడుక్కోమన్నారు. తొడుక్కునే ముందు రెండు ముక్కలు రాస్తున్నాను.

జూన్ 2

విడిచిపెట్టారు. జైలు నిండా స్టూడెంట్లే. నన్ను బాగా చూసుకున్నారు. ఆంధ్రోణ్ని ఆపిన అన్న అని కిటికీ పక్కన చోటిచ్చారు. మొదట్లో, నేను ఆపలేదు అని చెప్పేవాణ్ణి. అదీ గొప్పతనం కిందే తీసుకున్నారు. తర్వాత చెప్పడం మానేశాను.

చేవెళ్ళలో స్వామిదాసు పూలదండతో వచ్చాడు. వెనక జనం. వద్దనకు అన్నా, అందరు నీ కోసమే ఒచ్చిన్రు అన్నాడు చిన్నగా. కామేశం తన సొంత జిల్లాకు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడని కూడా చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

జూన్ 8. ఆదివారం

చేవెళ్ళలో మీటింగ్. మైకు నా చేతికిచ్చారు. కామేశాన్ని ఆపింది నేనే అని చెప్పాను.

చప్పట్లు చాలాసేపు కొట్టారు.