దీవెన అందుకోని గ్లాసు

కోరుట్ల,
మంగళవారం

దుర్గవ్వక్కకు నమస్కారం.

నేను మీ బిడ్డ దీవెనకు సోషల్ చెప్పే టీచర్‌ను. వారం నుంచి దీవెన బడికి రావడం లేదు. మీ వెంట పత్తి ఏరడానికి వస్తోందని పిల్లలు చెప్పారు. అసలు కారణం అది కాదని నాకు తెలుసు.

తొమ్మిదో తరగతికి బానిసత్వం, వివక్ష పాఠం చెబుతూ ఒక ఆట పెట్టాను. చీటీలు తీస్తే సగం మంది దొరలు, సగం మంది బానిసలు. ఒక్క గంట అట్లా ఉంటే అవమానం ఎట్లా ఉంటుందో పిల్లలకు తెలుస్తుందనుకున్నాను. దీవెనకు దొరసాని చీటీ వచ్చింది. బానిస చీటీ వచ్చిన గణేశ్ గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. దీవెన లేచి, వంగి, దోసిలి పట్టింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, "నువ్వు దొరసానివి, గ్లాసు అందుకో" అన్నాను.

"వద్దు మేడం, నేను ముట్టుకుంటే మళ్ల కడుగుతరు" అన్నది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను పుస్తకం మూసేసి బెల్లు కోసం చూస్తూ కూర్చున్నాను.

దీవెనను పంపమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. ఈ ఉత్తరం తనతోనే చదివించుకోండి. నా సంగతి తనకు తెలియాలి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, మా ఇంట్లో గిన్నెలు తోమే అవ్వ చాయ్ తాగే గ్లాసు పెరటి గోడ మీద బోర్లించి ఉంది. తొమ్మిదేళ్లుగా అది అక్కడే ఉంటోంది. అక్కడ పెట్టింది నేనే.

దీవెన వాళ్ల టీచర్