నీలం బకెట్ మీద పళ్లెం తీయొద్దు

అల్లుడుగారూ,

వంటగదిలో నీలం బకెట్ మీద పళ్లెం తీయకండి. అందులో నా గోబీ ఉంది, అదే, తొట్టిలోని నా చిన్న సముద్రపు చేప. బుడగల పైపు కూడా పీకకండి.

నిన్న మీరు తెచ్చి వదిలిన ఆరుగీతల రాస్ చేప దాన్ని తరిమి తరిమి తొట్టి బయటికి గెంతించింది. ఐదు బిందెల నీళ్లు పట్టే పగడాల తొట్టికి అంత రౌడీ ఎందుకయ్యా అంటే, "చెరువు చేపలు చూసినవాళ్లకి ఇవేం తెలుస్తాయి మావయ్యా" అన్నారు. మా చెరువులో కొరమీను ఒకటి గెంతి, పోతున్న సైకిలు క్యారేజీ ఎక్కి సంత దాకా వెళ్లింది. చేపలు గెంతుతాయని నాకు అప్పట్నుంచీ తెలుసు.

సాయంత్రం ఆ రౌడీ దాక్కునే రాళ్లన్నీ తీసి, దాన్ని మీరే పట్టుకుని దుకాణంలో ఇచ్చేసి రండి. పగడాల మీది పురుగులు తినడానికి రాస్ చేపే కావాలంటే పోసమ్ రాస్ అడగండి. వేలెడంత ఉంటుంది, ఎవరి జోలికీ పోదు, ఈ ఇంటి అల్లుడిలా కాదు. ముందు తొట్టికి వల మూత బిగించండి.

నేను కంటి డాక్టరు దగ్గరికి పోతున్నా. అమ్మాయికి చెప్పండి.

మరిచాను. గోబీ పడింది బల్ల కింద, గోడ మూలకి. నా మోకాళ్లు వంగవని చుట్టాల ముందు నవ్వారు కదా, వంగాయి. మళ్లీ ఎలా లేచానో మీకు అనవసరం.