పిల్లి పొట్టకి మందు

చిన్నోడా,

నేను డ్యూటీకి వెళ్తున్నా. పిల్లి సోఫా కింద ఉంది. నువ్వు లేవగానే దాని పొట్టకి మందు రాయి, ట్యూబు ఫ్రిజ్ మీద పెట్టాను. నాకి నాకి ఇంకో అరచెయ్యంత మేర బొచ్చు ఊడగొట్టుకుంది, చర్మం ఎర్రగా కమిలిపోయింది. మందు రాశాక మెడకి ఆ ప్లాస్టిక్ గరాటు తగిలించు. జాలిగా చూసిందని నిన్నటిలా పీకెయ్యకు. నీ జాలి పుణ్యమా అని మందంతా దాని కడుపులోకే పోయింది.

దాని మీద అరవకు కూడా. ఒంట్లో రోగమేం లేదు, బెంగ పెట్టుకుందన్నారు డాక్టరుగారు. ఇంట్లో ఈమధ్య ఏం మారిందని అడిగితే అమ్మ పోయిందని చెప్పాను. రెండో సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

అమ్మ పోయిన వారానికే ఆవిడ బట్టలు, దుప్పట్లు అన్నీ మరిగే నీళ్లలో వేసి ఉతికేశాను కదా. పదేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో అదే పని, చేతులు ఊరుకోలేదు. ఆ రోజంతా ఇది అమ్మ మంచమంతా వాసన చూస్తూ తిరిగింది. సాయంత్రానికి నాక్కోవడం మొదలుపెట్టింది.

నా బీరువా కింది అరలో, కవర్లో, అమ్మ దిండు గలీబు ఉంది. అదొక్కటీ ఉతకలేదు, నాకోసం దాచుకున్నాను. తీసి పిల్లి పడుకునే చోట వెయ్యి.

అక్క

దానికిచ్చే ముందు నువ్వూ ఒకసారి మొహానికి ఆనించుకో. ఇన్నాళ్లూ నీకు చెప్పకుండా నేనొక్కదాన్నే వాసన చూసుకున్నాను.