జడలు వేసిన నార

జూన్ 4

పొడుగమ్మాయి ఇవాళ కూడా వచ్చింది. నేను దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. నిద్రపోతోందమ్మా అని ఆయన అబద్ధం చెప్పి పంపేశారు. ఆయనకి అబద్ధం చేతకాదు. ఆ పిల్ల మెట్లు దిగేదాకా సారీ సారీ అంటూనే ఉన్నారు.

ఆ పిల్ల మా చిట్టి ఫ్రెండు. ఇద్దరూ కలిసి లారీలు రిపేరు చేసే వీధి వెనక ఒక షెడ్డు తీసుకుని అరటి నార తీసే మిషను పెట్టారు. గెల కోశాక బోదె ఎవరికీ అక్కర్లేక పారేస్తారు కదా. అది తెచ్చి, డొప్పలు ఒలిచి, మిషన్లో పెట్టి లాగితే నార వస్తుంది. దాంతో గుడ్డలు నేయించాలని వీళ్ళ పిచ్చి. మీ అమ్మాయి ఏం చేస్తుందని చుట్టాలు అడిగితే చెప్పడానికి నాకు నామోషీగా ఉండేది. చిట్టి నవ్వేది. కోపమొస్తే అందరూ నార తీస్తామంటారే గానీ నిజంగా తీసేది మేమిద్దరమేనమ్మా, ధైర్యంగా చెప్పుకో అనేది.

మార్చిలో జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా పిల్ల పోయింది.

ఆస్పత్రిలో నర్సమ్మ రాయమంది. నోటితో చెప్పలేనిది చేత్తో వస్తుందట. ఐదో క్లాసు చదువు నాది. తప్పులుంటే ఉండనీ, చూసేదెవరు.

జూన్ 5

ఏం లేదు.

జూన్ 8, ఆదివారం

చిట్టి పనికి వెళ్ళిన ఆఖరు రోజు షెడ్డులో చోటు చాలక పెద్ద మోపు నార ఇంటికి తెచ్చింది. తన గదిలో తాడు కట్టి ఆరేసింది. అది అక్కడే ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వను.

అచ్చం జుట్టులా ఉంటుంది. పట్టుకుంటే జారిపోతుంది. చిట్టి జుట్టు అంత పొడుగు ఎప్పుడూ లేదు, మెడ దాకా కత్తిరించి పారేసేది మొండిది. ఆదివారం ఆదివారం నేను ఆ నారకి తలనూనె రాసి, చిక్కు తీసి, పాయలు చేసి జడలు వేస్తున్నాను. రిబ్బన్లు కూడా. పిచ్చెక్కిందంటారా, అనండి.

ఇవాళ నూనె సీసా అందలేదు. ఆయన ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డారో. పై అరలోంచి సీసా దించి, మూత తీసి, నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

జూన్ 12

తలుపు తీశాను. ఎన్నాళ్ళని తీయకుండా ఉంటాం.

పొడుగమ్మాయి గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చింది. పిన్నీ, మిల్లు వాళ్ళు ఒప్పుకున్నారు అంది. నూలు మిల్లు. ఏడాది పాటు దాని గేటు దగ్గర చిట్టి చెప్పులరగదీసింది. మన నారని దూదితో కలిపి వాళ్ళ మిషన్ల మీద నూలు తీసి చూస్తారట. ట్రయల్ అంటారు. కుదిరితే నెలనెలా తీసుకుంటారు. కుదరకపోతే షెడ్డు ఖాళీ చేయడమే. ఓనరు ఇప్పటికే అందులో టైర్లు పెట్టుకుంటానంటున్నాడట.

శుభమే కదే, మరి ఆ మొహమేంటి అన్నాను. ముసురు పిన్నీ అంది. తీసిన నార ఆరడం లేదు, నల్ల మచ్చలు పడుతోంది. మిల్లు మిషనుకి ఫుల్ లోడు ఉండాలి, తక్కువైతే వాళ్ళు తిప్పరు. నెలాఖర్లో రెండు ఆర్డర్ల మధ్య ఒక్కసారే దానికి ఖాళీ. ఎంత గింజుకున్నా ఒక మోపు తక్కువ పడుతోంది.

ఆ మాట అని, టీ తాగుతూ చిట్టి గది తలుపు వైపు చూసింది.

అడక్కు అన్నాను. నేనేం అడగలేదుగా పిన్నీ అంది. నీ నోరు అడగలేదు, నీ కళ్ళు అడిగాయి, దించుకుని తాగి వెళ్ళు అన్నాను. తాగింది. గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళింది.

జూన్ 13, పొద్దున ఆరు

ఎంత ధైర్యం దానికి.

జూన్ 15

నిజమో అబద్ధమో చూద్దామని షెడ్డుకి వెళ్ళాను. చిట్టి పోయాక ఇదే వెళ్ళడం.

నిజమే. తాళ్ళ నిండా నార, దాని కింద రెండు టేబుల్ ఫ్యాన్లు. చేత్తో పట్టుకుంటే చల్లగా తడి. తడి గోనెసంచి వాసన. ఆ పిల్ల ఒక్కతే డొప్ప మిషన్లో పెడుతుంది, రసం మొహం మీద చిమ్ముతుంది, లాగుతుంది, పరిగెత్తి ఆరేస్తుంది, మళ్ళీ పరిగెత్తుకొస్తుంది. ఇంకో మనిషిని పెట్టుకోవచ్చు కదే అన్నాను. చిట్టి నిలబడ్డ చోట ఎవర్ని నిలబెట్టమంటావు పిన్నీ అంది.

నేను నార అవతలి కొస పట్టుకున్నాను. సాయంత్రం దాకా పట్టుకున్నాను. నా క్యారేజీలో సగం తినేసింది, అడక్కుండా.

జూన్ 19

పొడుగమ్మాయి మిల్లుకి తీసుకెళ్ళింది. అక్కడ స్పిన్నింగ్ మాస్టారు ఉన్నాడు. కనుబొమ్మల మీద దూది, చెవుల్లో దూది. మంచివాడే. ఆ మిషన్ల హోరుకి పాపం ప్రతి మాటా అరిచే చెబుతాడు.

నారని ఏం చేస్తారు బాబూ అన్నాను. ముందు సోడాలో ఉడికించి మెత్తబరుస్తాం, తర్వాత వేలి కణుపంత ముక్కలుగా కోసేస్తాం అన్నాడు. కోస్తారా? ఇంత పొడుగు నారని? పొడుగుంటే రోలర్లకి చుట్టుకుపోతుందమ్మా, ఇవి దూది కోసం పుట్టిన మిషన్లు, దూదంత ఉంటేనే మింగుతాయి అన్నాడు.

గుడ్డలో మా నార ఎక్కడుందో తెలుస్తుందా అని అడిగాను. తెలిస్తే పని చెడినట్టే, దూదిలో దూదిలా కలిసిపోవాలి అన్నాడు.

బస్సులో పొడుగమ్మాయి నా చెయ్యి పట్టుకోబోయింది. లాక్కున్నాను.

జూన్ 20

ముక్కలు ముక్కలు చేస్తారట.

జూన్ 22, ఆదివారం

చిట్టి గదిలోకి వెళ్తే ఏదో వాసన. కిటికీ అనుకున్నాను. కాదు. జడల్లోంచి. నూనె మక్కిపోయింది. లావుపాటి జడ ఒకటి విప్పితే లోపలంతా నల్లగా, పట్టుకుంటే పుటుక్కుమని తెగింది.

నా చేత్తో నేనే కుళ్ళబెట్టాను. ముద్దు చేసి చేసి.

గబగబా విప్పడం మొదలుపెట్టాను. ఆయన పరిగెత్తుకొచ్చి ఆయనా కూర్చుని విప్పారు. ముడులు పళ్ళతో లాగారు. మన పిల్ల దీన్ని ఇలా గదిలో పెట్టి చూసుకోడానికి తీసిందంటావా అని అడిగారు. మూడు నెలల్నించీ నోట్లో దాచుకున్న మాట, తెలుస్తూనే ఉంది. నేను ఆయన మీద అరిచాను. తర్వాత ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

ఒక జడ పోయింది. మిగతావి బాగానే ఉన్నాయి.

జూన్ 23

సంచిలో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. తొందరలో కొన్ని జడలు విప్పకుండానే పెట్టేశాను. పొడుగమ్మాయి సంచిలో చెయ్యి పెట్టి ఎర్ర రిబ్బనుతో సహా ఒక జడ బయటికి లాగింది. చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నేల మీద కూర్చుని ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం. మిషను దాని పాటికది తిరుగుతోంది.

మాస్టారికి ఫోను చేసి, నూనె సంగతి చెప్పి, నా చేతికిచ్చింది. ఏం నూనె అని రెండుసార్లు అడిగాడు. నా సర్వీసులో రాళ్ళొచ్చాయి, మేకులొచ్చాయి, ఒకసారి దూది బేలులో పాత చెప్పు వచ్చింది గానీ తల దువ్వించుకున్న నార ఇప్పటిదాకా రాలేదమ్మా, పూలు కూడా పెట్టావా అన్నాడు. లేదు బాబూ రిబ్బన్లే అన్నాను. గోనెల మిల్లులో నారకి వాళ్ళే నూనె పెడతారు, నువ్వు మిల్లు తప్పావంతే అన్నాడు. మా దగ్గర మాత్రం నూనె ఉంటే రంగు పట్టదు, సోడా వేసి ఉడికించి జిడ్డు పోయేదాకా జాడించండి, గేటు దగ్గర వాసన చూస్తాను, నూనె తగిలిందో లోడంతా వెనక్కి అన్నాడు.

జూన్ 26

చిట్టి మోపు ఉడికించి జాడించాం. ఇల్లంతా నారే. షెడ్డులో తడిది కూడా ఇక్కడికే తెచ్చాం. ఆయన గోడ నించి గోడకి తాళ్ళు కట్టారు. ఉన్న ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. వంగి నడుస్తున్నాం. పొడుగమ్మాయి అయితే పాకుతోంది. పక్కింటావిడ తొంగి చూసి, ఏంటొదినా ఇంట్లో ఇన్ని దెయ్యాలు జుట్టు విరబోసుకున్నాయి అంది. నీ ఫ్యాను కూడా ఒకటి ఇస్తే తొందరగా పోతాయి అన్నాను. ఇచ్చింది. స్టాండుతో సహా.

మార్చి తర్వాత నేను జోకు వేయడం ఇదేనని ఆయన అన్నారు.

జూన్ 28

మాస్టారు గేటు దగ్గరే నార మొహానికి ఆనించుకుని వాసన చూశాడు. చాలాసేపు. తర్వాత పక్కకి తప్పుకున్నాడు.

కోసే మిషనులో చిట్టి మోపు నేనే పెడతానన్నాను. వేళ్ళు జాగ్రత్త అని ఒక్క మాటే అన్నాడు. పెట్టాను. కటకటా కటకటా. అటు వైపు తెల్లటి పొట్టు రాలింది. దూది కుప్ప మీద పోసి కలుపుతుంటే, ఇదిగో చిట్టిది, ఇదిగో చిట్టిది అని కళ్ళతో పట్టుకుంటూ ఉన్నాను. కాసేపటికి వదిలేశాను. నాకు స్టూలు వేసి మంచినీళ్ళిచ్చారు.

జూలై 2

ఉదయమంతా నూలు తెగింది. పెట్టడం, తెగడం. రోలరుకి చుట్టుకుంటే మాస్టారు బ్లేడుతో కోసి తీశాడు. నార మొండిది, ఎవరి పోలికో అన్నాడు. పొడుగమ్మాయి మొహం చూడలేకపోయాను. గాలిలో తేమ పెంచారు, స్పీడు తగ్గించారు. మళ్ళీ తెగింది. ఇంకా తగ్గించారు.

మధ్యాహ్నం తెగలేదు.

ఎవరైనా తుమ్మితే తెగుతుందన్నట్టు నిలబడ్డాం. నూలు చుట్టుకుంటూ బాబిన్లు లావెక్కుతూనే ఉన్నాయి.

జూలై 11

మిల్లు నించి ఫోను వచ్చింది. చొక్కాకి చాలినంత మెత్తదనం లేదట. ప్యాంట్లకీ దుప్పట్లకీ పనికొస్తుందట. వచ్చే నెలా లోడు కావాలన్నారు, ఆ పై నెలకీ అడిగారు. షెడ్డు ఓనరు టైర్లు ఇంకెక్కడైనా పెట్టుకుంటాడు.

పొడుగమ్మాయి వచ్చి చాలాసేపు నసిగింది. ఒక్కదాని వల్ల కాదు పిన్నీ, ఇంకో మనిషి కావాలి అంది. ఎవర్నైనా చూసుకున్నావా అంటే, చూస్తున్నాను, ఎదురుగానే ఉంది, కాస్త కోపిష్టి మనిషి అంది. ఇల్లెవరు చూస్తారే అన్నాను. వంట నేను చేస్తాను అని లోపల్నించి ఆయన అన్నారు. ఆయనకి పొయ్యి వెలిగించడం రాదు.

జూలై 16

మా నూలుతో నేసిన గుడ్డ వచ్చింది. నా పక్కదుప్పటంత ముక్క. వెలుతురులో పట్టుకున్నాను, మడిచి చూశాను, వేలితో తడిమి చూశాను. చిట్టి ఎక్కడా కనపడలేదు. అంతటా ఉంది.

ఆయన వండింది మాడింది. తిన్నాం.

జూలై 20, ఆదివారం

షెడ్డులో పట్టక కొత్త నార చిట్టి గదిలో ఆరేశాం. ఇంకా కారుతోంది. కింద బకెట్లు పెట్టి, చూస్తూ చూస్తూ చిట్టి మంచం మీదే నిద్రపోయాను. లేచేసరికి మొహం మీద నీళ్ళు. నావి కావు.