పాలూ మాత్రా

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. ముగ్గురిలో పెత్తనం ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. నాన్న దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

నువ్వడిగినవాటికి జవాబులు. నీ మనవరాలు బుడంకాయ బరువు బాగానే పెరుగుతోంది. ముక్కు మీ అల్లుడిది, గొంతు అచ్చం నీదే. ఫోటోలో చొక్కాలన్నిటికీ నాడాలేమిటి, కొత్త ఫ్యాషనా అన్నావు. ఫ్యాషన్ కాదమ్మా. ఊరందరికీ బొత్తాలు కుట్టే దర్జీనైన నేను, నా కూతురికి బొత్తం పెట్టలేక నాడాలు కుట్టాను. పొద్దున్న లేచేసరికి నా వేళ్లు మడతపడటం లేదు.

బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరమ్మ కీళ్లవాపుకు నేను వారానికోసారి వేసుకునే పెద్ద మాత్ర మాన్పించింది కదా. బదులిచ్చిన చిన్న మాత్రలతో, కడుపుతో ఉన్నన్నాళ్లూ హాయిగా గడిచింది. కాన్పయ్యాక కీళ్లవాపు పుట్టింటికొచ్చినట్టు తిరిగొచ్చింది.

మొన్న పిల్లకు స్నానం చేయించి ఎత్తబోతే మణికట్టు పట్టు తప్పింది. కింద పరిచిన తువ్వాలు మీదికే జారింది, దానికేమీ కాలేదు. కానీ అప్పట్నించీ ఎత్తుకోవడానికి నాకు భయం. నా బిడ్డను నాకు అందించమని మీ అల్లుణ్ని పిలవాల్సి వచ్చేది. చాలా ఏడ్చాను.

ఇక అసలు మాట. పాలిచ్చే తల్లి మందు మింగితే అది బిడ్డకు విషమని, మాత్రలు ముట్టనని నాచేత ఒట్టు వేయించుకున్నావు. కాన్పవగానే చిన్న మాత్రలు కూడా మానేశాను. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

డాక్టరమ్మ తిట్టలేదు. "పాలు మాన్పించేదాకా ఆ పెద్ద మాత్ర జోలికెళ్లకు. నీకిచ్చిన చిన్నవి మాత్రం పాలిస్తూ కూడా వేసుకోవచ్చు. నన్నొక మాట అడక్కుండా ఎందుకు మానేశావమ్మా?" అంది. నీ పేరు చెప్పలేదులే.

మళ్లీ మొదలుపెట్టాను. పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట. పాలూ ఇస్తున్నాను, మాత్రలూ వేసుకుంటున్నాను.

నువ్వు నా బిడ్డ మంచి కోరే చెప్పావని తెలుసు. కోపమొస్తే తిట్టు, పడతాను. కానీ నువ్విక్కడికొచ్చాక నా మాత్రకు అడ్డు చెప్పకు. వేసుకునే వేళకు మంచినీళ్లు నువ్వే తెచ్చి నా చేతికివ్వు. నాకు అది చాలు.

ఇట్లు,
నీకిచ్చిన మాట తప్పిన
నీ కూతురు