కాగితానికి మొహం ఉండదు

తిరుపతి,
జూలై 9.

చెల్లి కోమలికి,

అక్క దీవెనలు. నేను, అమ్మ, నాయన, అవ్వ అందరం బాగున్నాం. నీకు హాస్టల్ తిండి పడుతోందనీ, ఒంట్లో బాగుందనీ అనుకుంటున్నాను. మీ హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి ఇవన్నీ ఉత్తరంలోనే.

నువ్వు రెండు సంగతులు అడిగావు. ప్రతి ఆదివారం ఐరాలకు వచ్చి నిన్ను చూసే నాయన మూడు వారాలుగా ఎందుకు రాలేదని ఒకటి. ఇంగ్లీషు పరీక్షలో ఆ జవాబుకు సున్నా ఎందుకు వేశారని ఇంకొకటి. రెండోదే ముందు చెబుతాను.

వానలో ముసలమ్మను ఇంట్లోంచి గెంటేసిన ఆసామిని మీ పాఠంలో 'ఎంత దయగల మనిషి' అన్నారు. నువ్వూ దయగలవాడనే రాశావు. "పుస్తకంలో అట్లే ఉండాది కదక్కా, నేనేమన్నా కల్పించినానా?" అని నన్ను అడిగావు. డిగ్రీ మొదటి ఏడాది నేనూ ఇలాగే రాస్తే క్లాసంతా నవ్వింది. నువ్వు ఏడింటి దాకా పడుకుంటే మన దేవకమ్మవ్వ ఏమంటుంది? "అప్పుడే లేసినావా తల్లీ, ఇంకా పొద్దు గుంకలేదే" అంటుంది. మెచ్చుకుంటోందని ఎప్పుడైనా అనుకున్నావా? అవ్వ మొహం చూస్తావు, గొంతు వింటావు. కాగితానికి మొహం ఉండదు. అందుకే పొగడ్త కనిపిస్తే ముందు ఎవరు ఏం చేశారో వెతుక్కో. తర్వాత ఆ పని పక్కన పొగడ్తను పెట్టి చూడు. రెండూ పొసగకపోతే పనినే నమ్ము.

ఈ ఉత్తరాన్నీ అలాగే చదువు. అందరం బాగున్నామని రాశాను. నాయన మాత్రం మూడు వారాలుగా రాలేదు.

కోమలీ, బంగారుపాళ్యం ఫ్యాక్టరీలో మామిడి గుజ్జు తీసే మిషన్లో నాయన కుడిచేయి పడింది. ఇక్కడి ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. "కోమలికి మిగతా పరీక్షలు అయ్యేదాకా చెప్పొద్దు. బాగుండానని రాయి" అని నాయనే అన్నాడు. మొదటి వాక్యం ఆయన మాట మీద రాశాను. నువ్వు అంత నేరుగా అడిగాక మిగతాది అలా రాయలేకపోయాను. నీకు నిజం రాస్తానని అమ్మకు చెబితే తిట్టింది, తర్వాత ఏడ్చి సరేనంది. శనివారం తనే వచ్చి, వార్డెన్‌తో మాట్లాడి నిన్ను తీసుకొస్తుంది.

నిన్ను చూడగానే నాయన ఒక మాట అంటాడు. వచ్చినవాళ్ళందరితో అంటున్నాడు. "నాకేం తక్కువ, ఇంక గోళ్ళు తీసుకునే పని సగమే." పక్క మంచం మీద ఉన్న సుందరరాజు పగలబడి నవ్వి, "మీ నాయన భలే మనిషి పాపా" అంటాడు. నాయనకు ధైర్యంగా ఉంటుందని మొదటిరోజు నేనూ నవ్వాను. నాయన గోడవైపు తిరిగి పడుకుని సాయంత్రం దాకా అన్నం ముట్టలేదు.

నువ్వు నవ్వకు. పక్కన కూర్చుని, "నొస్తాండాదా నాయనా" అని అడుగు. మాలో ఎవరమూ ఇంకా ఆ మాట అడగలేదు.

ఇట్లు,
నీకోసం ఎదురుచూసే అక్క,
ప్రశాంతి