వీరరాఘవమ్మ గారి ఉత్తరం

ఆకివీడు,
నవంబరు 10, సోమవారం

అచ్యుతానికి, యోబు రాసేది.

నాలుగు రోజులుగా ఎండ లేదు. సముద్రంలో వాయుగుండం అంటున్నారు. వాన పడదు, మబ్బు తీయదు. ఇలాంటప్పుడు నీళ్ళలో గాలి తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పొద్దున్నే వెంకట్రాజు గారి చెరువు మీదకి వెళ్ళి, ఇవాళ మేత సంచులు కట్టొద్దని పడవ వాళ్ళకి చెప్పి, మోటారు వేయించి కొత్త నీళ్ళు పెట్టించాను. బడి నుంచి రిటైరయ్యాక నా పని ఇదే. ఇప్పుడు గట్టు మీద షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాసే ఉత్తరం కాదిది.

ఫోను చేద్దామనుకున్నాను. నీ ఫోను శ్రీకర్ అనే అబ్బాయి ఎత్తుతున్నాడు. "సార్ మీటింగులో ఉన్నారండీ, విషయం నాకు చెప్పండి" అంటాడు. అతనికి చెప్పే విషయం కాదు.

పోయిన నెల నువ్వు టీవీలో వీరరాఘవమ్మ అనే అత్తగారి ఉత్తరం మళ్ళీ చదివి రొయ్యల షెడ్డు ఆడవాళ్ళ గురించి మాట్లాడాక ఇక్కడ ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలిసి ఉండదు. కంపెనీ బస్సు రోజూ తెల్లవారగానే మా పేట చివరకి వచ్చి ఇరవై మూడు మందిని ఎక్కించుకునేది. నీ కార్యక్రమం వచ్చిన మూడో రోజున ఊళ్ళో మగవాళ్ళు కొందరు గట్టు రోడ్డుకి అడ్డంగా తాటిదుంగ పడేసి బస్సుని వెనక్కి పంపారు. "అచ్యుతరావు గారు చెప్పారు కదమ్మా, పొయ్యి చల్లారిన ఇల్లు ఇల్లు కాదని. ఇంటికాడ ఉండండి" అన్నారట. ఆ రోజు నుంచి బస్సు రావడం లేదు. మా అమ్మాయి రూబీ అదే కంపెనీలో సూపర్వైజరు. స్కూటర్ మీద వెళ్తోంది. దాన్ని ఆపరు గానీ వెనకనుంచి కేకలు వేస్తారు. ఇంటికొచ్చి ఏమీ చెప్పదు. హెల్మెట్ తీసి మేకుకి తగిలించి స్నానానికి పోతుంది.

ఆ ఇరవై మూడు మందికీ పెద్ద మా ఇంటావిడ కనకమ్మే. నిన్న ఆరాధన అయ్యాక అందరూ మా అరుగు మీద చేరారు. కలెక్టరుకీ మీ ఛానెల్‌కీ అర్జీ పెడతామన్నారు. ఈ పేటలో ఏ అర్జీ అయినా ముప్పై ఏళ్ళుగా రాసేది నేనే.

"రాయండి" అంది కనకమ్మ. "ఆ వీరరాఘవమ్మ ఎవరో, ఆ ఉత్తరం ఎక్కడుందో చూపించమని రాయండి."

అచ్చమ్మ అందుకుంది. "ఉత్తరమూ లేదు, ఉప్పుచేపా లేదు. ఆ మహానుభావుడే రాసుకుని ఉంటాడు మాస్టారూ. ఏ అత్తగారండీ అంత అందంగా ఏడిచేది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అర్జీ రాసి ఇచ్చాను.

సాయంత్రం టీవీలో నువ్వు కనపడ్డావు. పంతొమ్మిదేళ్ళుగా దాచుకున్న ఆ ఉత్తరాన్ని శుక్రవారం ఎనిమిదింటికి అందరికీ చూపిస్తానన్నావు. అందుకే ఈ రాత.

తాడేపల్లిగూడెంలో కాలేజీ వాళ్ళు ఆ చిన్న రేడియో పెట్టినప్పటి సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నీకు "గడప మాట" అని అరగంట ఇచ్చారు. ఇంటి పెద్దలు, పిల్లల పెంపకం, కట్టుబాటు, ఇవీ నీ మాటలు. మూడు నెలలైనా ఒక్క ఉత్తరం రాలేదు. శ్రోతలు లేని కార్యక్రమం ఆపేస్తామని మేనేజరు అన్నాడని, గూడెం బస్టాండులో టీ తాగుతూ చెప్పావు. నీ కళ్ళలో నీళ్ళు చూడలేక తల తిప్పుకున్నాను. అదే వారం టీచర్ల మీటింగుకి భీమడోలు వెళ్ళినప్పుడు నేను ఒక ఉత్తరం రాసి అక్కడి పోస్టు డబ్బాలో వేశాను. పేరు వీరరాఘవమ్మ అని పెట్టాను. అక్షరాలు పక్కకి వాల్చి రాశాను. నువ్వు పోల్చుకోలేదు. దాన్ని నువ్వు రేడియోలో చదివావు. మరుసటి వారం పదహారు ఉత్తరాలు వచ్చాయి, ఆ పై వారం గోనె సంచిలో తెచ్చారన్నావు.

అక్కడితో ఆగిపోతే స్నేహితుడికి సాయం చేశాననే అనుకునేవాణ్ణి. కానీ అందులో రాసింది కల్పన కాదు. అప్పట్లో మా బడికి గ్రాంటు ఆగి ఏడు నెలలు జీతం రాలేదు. కనకమ్మ నన్ను అడక్కుండా రొయ్యల షెడ్డుకి పోయింది. ఆమె తెస్తే నేను తిన్నాను. ఆ మంట ఎవరితోనూ చెప్పుకోలేదు. కాగితం మీద అత్తగారి గొంతు పెట్టుకునేసరికి అంతా బయటికొచ్చింది. నువ్వు ఇన్నేళ్ళూ ఎన్నోసార్లు చదివావు కాబట్టి నీకు కంఠతా వచ్చే ఉంటుంది: "మా కోడలి చేతులు ఐసులో నాని శవం చేతుల్లా తెల్లబడ్డాయి. ఆ చేత్తో అన్నం పెడితే ముద్ద దిగడం లేదు నాయనా." అవి కనకమ్మ చేతులు. ఆమె నలుగురి మధ్య చేతులు కొంగులో దాచుకోవడం చూసే ఆ మాట రాశాను.

ఆ ఒక్క ఉత్తరం పట్టుకుని నువ్వు ఏలూరు కేబుల్‌కి వెళ్ళావు, అక్కడినుంచి హైదరాబాదు వెళ్ళావు. ముసలివాళ్ళని బస్టాండులో వదిలేసిన కొడుకుల్ని పేరు పెట్టి అడిగావు. సారా దుకాణాల మీద ఏడాది పాటు మాట్లాడావు. అవన్నీ చూసి గర్వపడ్డాను. పెళ్ళయ్యేదాకా ఆడపిల్లకి సెల్‌ఫోను ఇవ్వొద్దన్నావు. భీమవరంలో కాలేజీ పిల్లలు నీ బొమ్మ తగలబెట్టారు. కులం కాని పెళ్ళి చేసుకున్న జంటని స్టూడియోకి పిలిచి, ఆ అమ్మాయి తండ్రిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టావు. అమ్మాయి అక్కడే సొమ్మసిల్లింది. కేసు పెట్టారు, రెండు వారాలు ఆపారు, మళ్ళీ వచ్చావు. వచ్చిన ప్రతిసారీ చూసేవాళ్ళు పెరిగారు. ఇదంతా తప్పురా అని ఒక్కసారి కూడా నీకు రాయలేదు. మొదటి కాగితం నాది కదా, ఏ మొహంతో రాయను?

అక్షరాలు ఎంత వాల్చినా కనకమ్మ గుర్తుపడుతుంది. పెళ్ళయ్యాక ఆమెకి రాయడం నేర్పింది నేనే. ఆమె 'క' కూడా నా 'క' లాగే ఉంటుంది. ఆ కాగితం చూపించొద్దు. ఇంకేం చెప్తావో నీ ఇష్టం. ఇది ఒక్కటే అడుగుతున్నాను.

నీ
యోబు

~

హైదరాబాదు,
నవంబరు 15, శనివారం

యోబూ,

నీ ఉత్తరం గురువారం అందింది. శుక్రవారం కార్యక్రమం చూసే ఉంటావు. చూడకపోతే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఉత్తరం నా దగ్గర లేదని చెప్పాను. ఎప్పుడు పోయిందని అడిగితే తెలియదన్నాను. ఎదురుగా కూర్చున్న లాయరమ్మ "అసలు లేదని ఒప్పుకోండి" అంది. ఆ తర్వాత ముప్పావుగంట నోరు తెరవకుండా కూర్చోవడం నాకిదే మొదటిసారి.

అంతకుముందు శ్రీకర్ ఒక ముసలావిణ్ణి తెచ్చాడు, వీరరాఘవమ్మగా కూర్చోబెడదామని. బాగానే మాట్లాడింది. ఇంటికి పంపించమన్నాను. పొద్దున్న ఛానెల్ వాళ్ళు పిలిచి కార్యక్రమం తీసేశామన్నారు. ఈసారి రెండు వారాలకి కాదు.

నీకొక సంగతి చెప్పాలి. అక్షరాలు వాల్చానని, నేను పోల్చుకోలేదని రాశావు. ఆ కవరు గూడెంలో చేతికొచ్చిన రోజే నీ రాత అని తెలుసు. ఒకే బల్ల మీద ఐదేళ్ళు కూర్చుని నీ నోటుబుక్కులోంచి కాపీ కొట్టినవాణ్ణి. నీ రాత నాకు తెలియకపోవడమేమిటి?

తెలిసే చదివాను. నా ముఖాన చెప్పలేక అలా రాశావనుకున్నాను. భార్యని ఏమీ అనలేక, బయటివాడిలా నాకు చెప్పుకున్నావనుకున్నాను. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, యోబు కూడా ఇలాగే అనుకుంటున్నాడంటే నేను చెప్పేది సరైనదేనని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళు మాట్లాడాను. బొమ్మ తగలబెట్టిన రోజు కూడా ఆ కాగితం తీసి చదువుకున్నాను. ఇప్పుడేమో ఆ మంట ఆ ఏడు నెలలదేనంటున్నావు.

ఇంటి గురించి నా అభిప్రాయాలు మారలేదు. మారాయని నీకు అబద్ధం రాయను. కానీ నీ కాగితాన్ని నీ భార్య ముందు పరిచేంతవాణ్ణి కాను. అది ఇందులోనే పెడుతున్నాను. ఏం చేసుకుంటావో చేసుకో.

అచ్యుతరావు

~

ఆకివీడు,
నవంబరు 26, బుధవారం

అచ్యుతానికి,

నీ కవరు పద్దెనిమిదో తారీఖున అందింది. చెరువు గట్టు మీదే చదివాను. నీకు తెలుసన్న మాట రెండుసార్లు చదివాను. నువ్వు ఆ రోజే "ఒరేయ్ యోబూ, ఇదేం రాత" అని అడిగి ఉంటే బాగుండేదనిపించింది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక్కడ నీ కార్యక్రమం ఆపేశారని తెలిసిన రోజున పేట పేటంతా సంబరపడింది. తాటిదుంగ ఎవరు తీశారో తీశారు, ఆ సోమవారం నుంచి బస్సు మళ్ళీ వస్తోంది. అచ్చమ్మ లడ్డూలు పంచింది. "తినండి మాస్టారూ, మీ అర్జీ దెబ్బే ఇది! అబద్ధాల అచ్యుతరావు నోరు మూయించారు" అంది. నోట్లో పెట్టుకున్నాను. నేను రాసిన దానికి నిన్ను అబద్ధాలకోరు అంటుంటే లడ్డూ తిన్నాను.

మూడు రోజులు అలాగే గడిచాయి. నీ కవరు చొక్కా జేబులో ఉంది. చింపి చెరువులో వేస్తే అయిపోయేది. నువ్వు దాచినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నావు, నేను దాచినందుకు లడ్డూ దొరికింది. ఇరవై ఒకటో తారీఖు సాయంత్రం కనకమ్మ షెడ్డు నుంచి వచ్చి పెరట్లో చేతులు కడుక్కుంటోంది. వెళ్ళి నిలబడ్డాను.

"ఆ ఉత్తరం ఉంది" అన్నాను.

"ఏ ఉత్తరం?"

"వీరరాఘవమ్మ ఉత్తరం. అచ్యుతం అబద్ధం చెప్పలేదు. నేనే రాశాను."

కాగితం ఇచ్చాను. చేతులు తుడుచుకుని తీసుకుంది. కళ్ళజోడు లేకుండానే చదివింది. రెండు పేజీలూ చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. నేను ఏదో చెప్పబోయాను.

"ఉండండి, చదవనివ్వండి" అంది.

చదివాక మడత పెట్టింది. "ఇది రాసిన నెలల్లోనే కదండీ, నా చేతులు పగిలి రక్తం వస్తుంటే మీరు కొబ్బరినూనె కాచి రాసేవారు."

"అవును."

"రాసి, కూర్చుని, ఇది కూడా రాశారా?"

నిజమే. నూనె రాసిన చేత్తోనే రాశాను. రెండూ నేనే చేశాను. ఒకటి అబద్ధమైతే చెప్పడానికి వీలుండేది.

ఆ కాగితంతోనే లోపలికి వెళ్ళింది. వంట చేసింది. కంచం పెట్టి, అన్నం వడ్డించి, పక్కన నిలబడింది. "దిగుతోందా అండీ?" అని అడిగింది. ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. నేను తిన్నాను. మర్నాడూ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అదే. నాలుగో రోజు నేనే వండుకుంటానన్నాను. "సరే" అంది.

నీ విషయం ఏం చేయమంటావని కనకమ్మని అడిగాను. అచ్చమ్మ వాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఉత్తరం నాదని, నువ్వు అబద్ధం ఆడలేదని చెప్తానన్నాను. అప్పుడొక్కసారి ఆమె గొంతు లేచింది.

"చెప్పి? టీవీలో ఇన్నేళ్ళు చదివించారు, ఇప్పుడు అరుగు మీద చదివిస్తారా? ఆ చేతులు ఎవరివని అడుగుతారు. ఎవరివని చెప్తారు?"

కాబట్టి అచ్యుతం, నీ మీద పడిన మాట తుడవలేకపోతున్నాను. ఆమె వద్దంది. ఆ కాగితం ఆమె దగ్గరే ఉంది. ఏం చేసిందో అడగలేదు. ఇక్కడ నిన్ను అబద్ధాలకోరనే అంటారు, నన్ను మాస్టారనే అంటారు. ఇది నీకు చెప్పడానికే ఈ ఉత్తరం.

రూబీకి గూడెం దగ్గర కంపెనీలో ఉద్యోగం చాలా రోజుల క్రితమే వచ్చిందట. బస్సు గొడవ తేలేదాకా కదలనని ఆగింది. అక్కడ గది తీసుకుంది. సోమవారం సాయంత్రం కనకమ్మ తన చీరలు కూడా దాని పెట్టెలో సర్దుతుంటే రూబీ నా దగ్గరకి వచ్చింది. "నాన్నా, అమ్మని ఏమన్నారు?" అని అడిగింది. "ఏమీ అనలేదమ్మా" అన్నాను. తల్లి వైపు చూసింది. తల్లి కూడా "నాన్న నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదే" అంది. పిల్ల ఇంకేం అడుగుతుంది?

ఎన్నాళ్ళుంటావని కనకమ్మని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. జట్టు పెద్దరికం అచ్చమ్మకి అప్పగించింది. బియ్యం ఎక్కడున్నాయో, గ్యాసు ఎప్పుడు మార్చారో చెప్పింది.

నిన్న మంగళవారం పొద్దున్న ఏడుంపావు బస్సుకి కనకమ్మ, రూబీ తాడేపల్లిగూడెం వెళ్ళిపోయారు.

యోబు